పాత సేవ్ కోసం పాత సిస్టమ్ కొనండి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఎప్పుడో ఆపేసిన ఆట ఇప్పుడు తెరుచుకోవట్లేదంటే ఎవరైనా చెప్పేది ఒకటే మాట: డెఫినిటివ్ ఎడిషన్ కొనుక్కో, మొదట్నుంచి ఆడుకో. ఆ మాట వినొద్దు. అసలు ఆట 1999లో వచ్చింది, దాని ఎక్స్‌పాన్షన్ కాంకరర్స్ 2000లో. 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్ కంటికి బాగుంటుంది, 2022లో అందులోకి ద్రవిడులు కూడా వచ్చారు. అయినా కాంకరర్స్ కాలం నాటి మీ సేవ్‌ని అది తెరవదు. ఏ అడవి అంచున గోడ కట్టారో, ఏ మఠంలో రెలిక్ దాచారో, ఎదుటివాడి కోటకు ఎంత దూరంలో ట్రెబుషే నిలబెట్టారో అదంతా ఆ ఒక్క ఫైల్లోనే ఉంది. మొదట్నుంచి ఆడితే వచ్చేది వేరే ఆట.

కాబట్టి నేను చెప్పేది తలకిందుల సలహాలాగే ఉంటుంది. ఆటను కొత్త సిస్టమ్‌లోకి లాక్కురాకండి. ఆట పుట్టిన కాలం నాటి సిస్టమ్ వెతికి తెచ్చుకోండి.

సికింద్రాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఇది మరీ కష్టం కాదు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరి నోట్లో సీటీసీ. పెంటియం 4, సీడీ డ్రైవ్, విండోస్ ఎక్స్‌పీ కావాలని అడగండి. “ఇంకొంచెం పైసలు ఏస్తే మంచిదే వస్తది సార్, దీన్నేం జేస్తరు?” అంటాడు షాపతను. “ఆట ఆడాలన్నా” అని నిజమే చెప్పండి. సిగ్గుపడాల్సిందేం లేదు. ఆ కాలం నాటి చాలా గేమ్ సీడీలకు సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. విండోస్ 10 దాన్ని అసలు నడవనివ్వదు, అది నడవకపోతే ఆటా నడవదు. 7, 8లలో కూడా 2015లో వచ్చిన ఒక సెక్యూరిటీ అప్‌డేట్ దాన్ని ఆపేసింది. ఎక్స్‌పీలో ఆ గొడవ లేదు. అయితే ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది గనక ఆ సిస్టమ్‌కి నెట్ కనెక్షన్ ఇవ్వకండి, ఎప్పటికీ.

ఇంటికి తెచ్చాక మొదట మార్చాల్సింది మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032. అది అయిపోతే స్విచ్ తీసిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. అప్పుడు నిన్న చేసిన సేవ్ మీద పాత తేదీ పడుతుంది. ఏది కొత్తదో తెలీక మంచి సేవ్ మీదే ఇంకోటి రాసేస్తారు. సేవ్ చెడిపోయిందని బాధపడేవాళ్ళలో కొందరిది నిజానికి ఈ బ్యాటరీ బాధే. ఒక యూపీఎస్ కూడా పెట్టండి. సేవ్ రాస్తుండగా కరెంటు పోతే ఫైలు పేరు ఉంటుంది, సైజు మాత్రం సున్నా కేబీ. అలాంటిదాన్ని బాగుచేస్తామన్న ఏ సాఫ్ట్‌వేర్‌నీ నమ్మకండి, లోపల బాగుచేయడానికి ఏమీ లేదు.

పాత హార్డ్‌డిస్క్ దొరికితే అందరూ సేవ్‌గేమ్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తారు. మీరు మొత్తం ఆట ఫోల్డర్‌ని ఎత్తుకురండి. క్యాంపెయిన్‌లో ఎంతవరకు వచ్చారన్న లెక్క సేవ్‌లలో ఉండదు, ప్లేయర్ ఫైలులో విడిగా ఉంటుంది. అది రాకపోతే జోన్ ఆఫ్ ఆర్క్ మళ్ళీ మొదటి ఘట్టంలోనే నిలబడి ఉంటుంది.

ఆ హార్డ్‌డిస్క్ విస్టాదో, విండోస్ 7దో అయితే ఇంకో చోట కూడా చూడండి. సేవ్‌గేమ్ ఫోల్డర్ ఖాళీగా ఉందని ఎంతమంది డిస్కును ఫార్మాట్ చేసేశారో తలచుకుంటే కడుపు మండుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి రాయడానికి ఆటకు అనుమతి లేకపోతే, విస్టా నుంచి విండోస్ ఆ సేవ్‌ని చప్పుడు చేయకుండా వేరే చోట పెడుతుంది. యూజర్స్‌లో మీ పేరు, అందులో యాప్‌డేటా, లోకల్, అందులో వర్చువల్‌స్టోర్. యాప్‌డేటా మామూలుగా కనబడదు, దాచిన ఫోల్డర్లు చూపించమని అడగాలి. ఆటను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఆ సేవ్‌లు కనబడవు, మామూలుగా తెరిస్తే కనబడతాయి. అందుకే “అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చెయ్” అన్న సలహాని ముందే పాటించకండి. ముందు వర్చువల్‌స్టోర్ చూడండి.

విండోస్ 7లో గడ్డి ఎర్రగా, నీళ్ళు ఊదాగా కనిపిస్తే సేవ్‌కేమీ కాలేదు. ఆట 256 రంగులతో నడుస్తుంది, ఆ రంగుల పట్టికలో విండోస్ ఎక్స్‌ప్లోరర్ వేలు పెడుతుంది. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని ఆపి ఆడుకోండి.

ప్యాచ్ వేయొద్దు. ఇది ఎవరికీ రుచించదని తెలుసు. కానీ రికార్డ్ చేసిన ఆటలో మొదటి పరిస్థితి, ఆ తర్వాత ఆటగాళ్ళు ఇచ్చిన ఆజ్ఞలు, అంతే ఉంటాయి. మిగతాదంతా ఆట మళ్ళీ లెక్కకట్టి చూపిస్తుంది. 1.0లో చేసిన రికార్డును 1.0సిలో ఆడిస్తే లెక్కలో ఎక్కడో ఒక్క తేడా వచ్చినా చాలు, అక్కణ్ణుంచి విలేజర్లు లేని చెట్టును కొట్టడానికి బయల్దేరతారు. నలుగురు కలిసి ఆడేటప్పుడు “అవుట్ ఆఫ్ సింక్” అని ఆట ఆగిపోవడానికి కారణం కూడా ఇలాంటి తేడానే. ఏ వెర్షన్‌లో ఆడారో ఆ వెర్షన్‌లోనే ఉండండి.

నెట్ కెఫేలో పోయిన సేవ్ కోసం మాత్రం వెతకొద్దు. చాలా చోట్ల డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. రీస్టార్ట్ అయితే డిస్కు మళ్ళీ మొదటి స్థితికి వచ్చేస్తుంది, మీ సామ్రాజ్యం దాంతోపాటే.

సేవ్ తెరుచుకుంది గానీ విలేజర్ రెండు ఇళ్ళ మధ్య ఇరుక్కుని కదలట్లేదు, అప్పుడూ వెనకటి సేవ్‌కి వెళ్ళిపోకండి. పక్కనున్న ఇంటిని ఎంచుకుని డిలీట్ నొక్కండి. ఐదుగురికి చోటు పోతుంది, కాంకరర్స్‌లో కొత్త ఇంటికి 30 చెక్క అవుతుంది. పెట్టండి.