వేగోపాసకుడు

తిరుపతి పట్టణమున రేణిగుంట దారిలోనో, చిత్తూరు బస్సులు మలుపు తిరుగు చోటనో, రేకుల పందిరి క్రింద, నూనె మరకల గోనెపట్టాపై బాసీపట్టు వేసికొని, కీలుకీలుగా విడిపోయిన మోటారు సైకిలు ఇంజనును తదేకదృష్టితో చూచుచుండు పురుషుడొకడు మీకు తప్పక కానవచ్చును. ఆతనిని మెకానిక్కని భ్రమింపకుడు. మెకానిక్కు చెడిన బండిని బాగుచేయును. వేగోపాసకుడు బాగుగా నున్న బండిని విప్పును. వృత్తిచే ఈతడు బట్టలకొట్టు గుమాస్తా కావచ్చును, మదనపల్లె టమాటా మండీలో లెక్కలు వ్రాయువాడును కావచ్చును. ఇంటిలో కుళాయి ఆరుమాసములుగా కారుచున్నను దాని వంక కన్నెత్తి చూడనివాడు మాత్రము అయి తీరవలెను.

ఈతని ఇష్టదైవము యమహా ఆర్ఎక్స్ 100. ఎస్కార్ట్స్ వారు 1985లో మన దేశమున విడుదల చేసి 1996లో నిలిపివేసిన ఈ బండికి బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు, పరిమాణము 98 సీసీ, బలము 11 గుర్రములు. పాలు పోయువానికిని, పోలీసువానికిని, ప్రేమికునికిని చాలిన ఈ గుర్రములు ఈతనికి చాలవు. “ఇంగా నాలుగు గుర్రాలు దాచిపెట్టినాడబ్బా కంపెనీవోడు! నువ్వు ఇప్పితేనే బయటకొస్తాయి” అని ఈతని వాదము.

ఆ వాదము పూర్తిగా అసత్యము కాదని ఒప్పుకొనవలసియున్నది. టూస్ట్రోకు ఇంజను సిలిండరు గోడలోని పోర్టులను పిస్టనే పైకిని క్రిందికిని పోవుచు మూయును, తెరచును. పొగ వెడలు పోర్టు పైఅంచును ఆకురాయితో ఒక్క మిల్లీమీటరు పైకి అరగదీసినచో, అది ముందుగా తెరచుకొని, ఇంజను మిక్కిలి వేగముగ తిరుగునప్పుడు అదనపు బలము పుట్టును. ఆ పుట్టిన బలమునకు వెలగా మందగతిలోని లాగుడు చచ్చును. కనుకనే ఈతని బండి తెల్లవారుజామున నిర్మానుష్యమైన బాటపై బాణమువలె దూసికొనిపోవును గాని, సాయంకాలము భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని గాంధీరోడ్డున కూరగాయలకు పోవునప్పుడు అడుగడుగునకు ఆగిపోవును. ఆమె దిగి నడచును. ఈతడు వెనుక నుండి క్లచ్చి పట్టి, యాక్సిలరేటరు త్రిప్పుచు, “కార్బురేటరు జెట్టు కొంచెం పెంచాల” అని గొణుగుకొనుచు అనుసరించును.

పందెము నడిపి వచ్చిన వెంటనే స్పార్కు ప్లగ్గు ఊడదీసి చూచుట ఈతని నిత్యకర్మ. నలుపైనచో పెట్రోలు ఎక్కువ, తెలుపైనచో తక్కువ, గోధుమవన్నె యైనచో ఆనాటికి గృహమున శాంతి. తెలుపును లక్ష్యపెట్టక ఇంకొక్క పరుగు తీయించినప్పుడు పిస్టను వేడెక్కి సిలిండరును కరచుకొని, చక్రము బిగుసుకొని, వేగోపాసకుడు రోడ్డుప్రక్క కంపచెట్లలో తేలును. మోచేయి గీచుకొనిపోయిన సంగతి ఆతనికి మరునాడు తెలియును.

ఇక సైలెన్సరు సంగతి. యుద్ధకాలమున జర్మనీ రాకెట్ల కేంద్రమున పనిచేసిన వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు, తూర్పు జర్మనీ ఎంజెడ్ సంస్థయందు 1950లలో పొగగొట్టమును నడుమ ఉబ్బించి, కొసను సన్నగించి, వెలుపలికి పోవు తరంగము వెనుకకు మరలి, జారిపోవుచున్న పచ్చి పెట్రోలును మరల సిలిండరులోనికే నెట్టునట్లు చేసెను. 1961లో ఆయన పందెగాడు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెమునుండి పశ్చిమమునకు పారిపోయి ఆ రహస్యమును జపానులోని సుజుకీవారికి అందించెను. కచుడు మృతసంజీవనిని సాధించుకొని వచ్చిన కథను ఆవులింతలతో వినువాడే ఈ కథను చెప్పునప్పుడు గద్గదస్వరుడగును. అయినను ఆ విద్యకు గణితము కావలెను. ఈతనికున్నది లేతుషాపు అరువుఖాతా. గొట్టము కంటికొలతతో తయారగును, వేగము రాదు, ధ్వని వచ్చును, వీధివారందరును ఏకగ్రీవముగ మేల్కొందురు.

ఇట్టివాడు పుట్టుటకు వేరు ఊరే దొరకలేదా యని నాకు తోచును. తిరుమలకు 1944లో మొదటి ఘాట్‌రోడ్డును, 1974లో రెండవదియు వచ్చినవి. కొండ ఎక్కుటకు 28 నిమిషములకును, దిగుటకు 40 నిమిషములకును తక్కువ పట్టినచో అక్కడ తప్పు. అలిపిరిలో కాలము వ్రాసిన చీటీ ఇత్తురు, పైన దానిని చూతురు. లోకమున ఆలస్యమునకు దండనగలదు. ఇచ్చట ముందు చేరుటకు. కాబట్టి మన వీరుడు గేటునకు కొంత దూరమున బండి నిలిపి, పిట్టగోడపై కూర్చుండి, మిగిలిన నిమిషములు గడుపుచుండగా, మూడు తరముల కుటుంబమును మోయు పాతజీపు నింపాదిగ ఆతనిని దాటిపోవును. జీపులోని ముసలమ్మ “పాపం, బండి చెడిపోయినట్టుండాది నాయనా” అని జాలిపడును. ఆతడు బదులు చెప్పడు. ఏమని చెప్పును?

ఇటీవల ఈ జాతిలో నొకడు సెల్‌ఫోనున అమెరికావారి పడవల డ్రాగు పందెములు చూచినాడు. అందలి మెర్క్యురీవారి ఆరు సిలిండర్ల అవుట్‌బోర్డు ఇంజనులును టూస్ట్రోకులే యని తెలియగానే నిద్ర పట్టలేదు. తిరుపతిలో నాతడెరిగిన జలయానము తెప్పోత్సవమొక్కటే. అందు త్వరకు తావులేదు. అయితే 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేటతోపాటు పులికాటు సరస్సును మనకు సంక్రమించినది గదా! ఒక ఆదివారము బస్సెక్కి పోయి, ఒడ్డున వల బాగుచేసికొనుచున్న పెద్దాయనకు తన ఆశయము విన్నవించెను.

“నీళ్లు మొలబంటి గూడా ల్యా సామీ. నీ పంకా తిరిగితే బురద లేస్తాది.”

“అయితే ఇంజన్ని పైకి లేపి కడదాం పెద్దాయనా! పంకా సగం నీళ్లలో, సగం గాల్లో.”

ఆశ్చర్యమేమనగా, పందెపు పడవలవారు నిజముగా నట్లే చేయుదురు. పెద్దాయన వల ప్రక్కన పెట్టెను. సముద్రము మీదికి పోవునప్పుడు కట్టుకొను తన డీజిలు ఇంజను గుడిసెలో నున్నదనియు, ఎంత త్రిప్పినను పొగయే గాని ఊపు రాకున్నదనియు, కొడుకు ఇంట లేనప్పుడు దానినొక్కసారి చూడవచ్చుననియు మెల్లగా చెప్పెను. సాయంకాలపు బస్సు సగము ఖాళీగా తిరుపతికి పోయినది.