మా రోజుల్లో గోడలకి గాలి తగిలేది

మా రోజుల్లో గోడకి మచ్చ పడితే సున్నం వేసేవాళ్ళం. ఇప్పుడు బెజవాడ నుంచి బూజుకి పొగ కొట్టే మిషన్ వస్తోంది. ఈ మాట నేనన్నప్పుడల్లా మా అబ్బాయి ఫోన్‌లో తల దూరుస్తాడు, కోడలు వంటింట్లోంచి "మావయ్యగారూ, మీకసలే బీపీ" అంటుంది. నిజమే, ఉంది. ఒక్క పడగ్గదికి పొగ కొట్టినందుకు ఆ మిషన్ వాళ్ళు తీసుకున్న డబ్బెంతో విన్నాక ఇంకాస్త పెరిగింది. ఆ డబ్బుతో మామిడి తోటకి పూత మీద ఒక విడత మందు కొట్టించొచ్చు.

మా ఊరు విస్సన్నపేటలో పాత పెంకుటిల్లు పడగొట్టి మావాడు స్లాబు ఇల్లు కట్టాడు. కట్టుకోనీ, నేనేం కాదనలేదు. ఏటేటా పెంకు నేయించలేక నాకూ విసుగొచ్చింది. కానీ ఈ కొత్తింట్లో గాలికి దారి ఎక్కడ పెట్టారో ఇప్పటికీ నాకు దొరకలేదు. కిటికీలకి అద్దాలు, అద్దాలకి కర్టెన్లు, దోమలొస్తాయని అవెప్పుడూ మూసే ఉంటాయి. పైన జిప్సం బోర్డు సీలింగు, గోడకి పుట్టీ, పుట్టీ మీద ప్లాస్టిక్ రంగు, ఆ రంగు కూడా కనపడకుండా గోడ నిండా ప్లైవుడ్ వార్డ్‌రోబు. శ్రావణంలో ముసురు పట్టిందంటే తడిబట్టలు గదిలోనే, నలుగురి ఊపిరీ గదిలోనే. భాద్రపదం వచ్చేసరికి వార్డ్‌రోబు వెనక నల్లటి, పచ్చటి చుక్కలు. తలుపు తీస్తే ముక్కవాసన. మనవడు పొద్దున్నే లేచి తుమ్ములు మొదలెడితే ఇడ్లీ ఉడికేదాకా ఆపడు.

అప్పుడొచ్చాడు మిషన్ కుర్రాడు. ఒంటినిండా తెల్ల సూటు, ముక్కుకి మాస్కు, కళ్ళకి అద్దాలు. ఏసీ ఆపించాడు, తలుపు సందులకి టేపు అంటించాడు. "తాతగారూ, నేను చెప్పేదాకా లోపలికి రాకండి" అన్నాడు. ఏం మందురా అబ్బాయ్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ అన్నాడు. చెవిలో గులిమి తియ్యడానికి డాక్టరు వేసేది అదేగా అన్నాను. "అదేనండీ, కాకపోతే ఈ మిషను దాన్ని మంచు కన్నా సన్నగా చేసి వదుల్తుందండీ" అన్నాడు. మర్యాదస్తుడే, పాపం. నా గొడవ అతనితో కాదు.

ఆ మందుతోనూ కాదు. పని అయ్యాక నీరూ ఆక్సిజనూ కింద విడిపోతుంది, వెనక విషం మిగల్చదు. తుంపర పది మైక్రాన్ల లోపు ఉంటే వస్తువుల్ని తడపకుండా గాల్లో తేలుతూ గదంతా తిరుగుతుంది. పెద్దాసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో ఇప్పుడు ఇదే వాడుతున్నారు. అయితే అక్కడ గోడలు ముందే కడిగి, తుడిచి, ఆరబెట్టి ఉంచుతారు. మా గదిలో వార్డ్‌రోబు జరపనే లేదు, గోడ మీద గుడ్డ వెయ్యనే లేదు. బూజు పుట్టీలోకి వేళ్ళు దించాక గాల్లో తేలే మంచు దాన్నేం చేస్తుంది? మురికి మీద పడ్డ పెరాక్సైడ్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది. పోనీ, చచ్చిందే అనుకుందాం. చచ్చిన బూజు పొడికి కూడా తుమ్ములొస్తాయి. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ళు రాసిపెట్టిందీ ఇదే: చంపితే చాలదు, తుడిచి తీసెయ్యాలి. తడి ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. తడిసిన సామాను 24 నుంచి 48 గంటల్లో ఆరిపోవాలి. మా అమ్మకి ఈపీఏ అంటే తెలీదు. బియ్యం పాత్ర కింద చెమ్మ కనిపిస్తే మాత్రం ఆ రోజే గదంతా వాకిట్లోకి వచ్చి పడేది.

సంక్రాంతి ముందైతే ఇల్లంతా వాకిట్లోనే. పెట్టెలు, మంచాలు, పరుపులు, ఊరగాయ జాడీలు అన్నీ ఎండకి. గోలెంలో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికేవి. కంట్లో పడితే చూపు పోతుందని మమ్మల్ని ఆ దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కాదు. రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, కాస్త తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో రెండు పూతలు. అంతకు ముందు పాత పొరంతా గీకడం ఉండేది. ఆ గీకుడు పని మా అన్నదమ్ముల మీద పడేది, ముక్కూ మొహం తెల్లగా అయ్యేవి. తడి సున్నం పీహెచ్ 12 దాటి ఉంటుంది, ఆ ఘాటుకి బూజు తట్టుకోలేదు. తర్వాత అది గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మెల్లమెల్లగా రాయి అవుతుంది, ఘాటు చచ్చిపోతుంది. అందుకే ఏటా వెయ్యాల్సి వచ్చేది. ఆ గోడ చెమ్మ పీల్చినా ఎండ కాయగానే వదిలేసేది. ఈ ప్లాస్టిక్ రంగు గోడ మింగిన నీళ్ళని కక్కదు. కక్కలేక బుడగలు లేచి, పొలుసులుగా ఊడుతుంది.

ఇళ్ళల్లో మందు కొట్టడం మాకు కొత్తేం కాదు లెండి. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1958లో దాన్నే నిర్మూలన కార్యక్రమం చేశారు. మా చిన్నతనంలో మలేరియా వాళ్ళొస్తే ఊరికే పండగ. చేతిపంపులూ బకెట్లూ పట్టుకొచ్చి లోపలి గోడల మీద డీడీటీ కొట్టి, పోతూ పోతూ గుమ్మం పక్కన తేదీ వేసి పోయేవాళ్ళు. గోడలు పాడైపోయాయని ఆడవాళ్ళు వాటి మీద సున్నం పూసేవాళ్ళు, మందు పనిచెయ్యదని వచ్చినాయన తిట్టేవాడు. అయినా అందులో ఒక లెక్క ఉంది. దోమ రక్తం తాగి గోడ మీద వాలుతుంది, మందు గోడకుంటే దోమ చస్తుంది. ఎక్కడ కొట్టాలో ఎందుకు కొట్టాలో తెలిసే కొట్టారు.

అలాగని పాత పొగలన్నీ వెనకేసుకురాను. కోళ్ళ షెడ్డు ఖాళీ అయితే మట్టి మూకుట్లో పొటాషియం పర్మాంగనేట్ వేసి, మీద ఫార్మలిన్ పోసి, ఒకటే పరుగు తీసేవాళ్ళు. ఆసుపత్రుల్లోనూ అదే పద్ధతి. షెడ్డు తలుపు తెరిచినవాడికి పూటంతా కళ్ళు మండేవి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో తేల్చింది. ఆ వాసన పోయి పెరాక్సైడ్ వచ్చినందుకు సంతోషమే.

కానీ మనవాళ్ళకి పొగ కనిపిస్తే చాలు, పనైపోయిందని నమ్మకం. 2020లో కరోనా అప్పుడు చూశాంగా. రోడ్డు మీద హైపోక్లోరైట్ మందు చల్లారు, చెట్లకి చల్లారు, టన్నెళ్ళు పెట్టి మనుషుల మీద చల్లారు. మనుషుల మీద కొట్టొద్దని ఏప్రిల్లోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. గదుల్లో కూడా రోజూ ఇలా ఫాగింగ్ చెయ్యడం సరికాదనీ, మందు గుడ్డకి తడిపి తుడవమనీ మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గుడ్డతో తుడిస్తే ఫొటోలో ఏం కనిపిస్తుంది?

బెజవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడూ ఇంతే. 2024 సెప్టెంబరు 1న అక్కడి సింగ్‌నగర్‌లోకి నీళ్ళొచ్చాయి. మా చుట్టాలది అక్కడ గ్రౌండ్ ఫ్లోరు. రోజుల తరబడి నీళ్ళల్లోనే ఉంది. ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి, కింది అంతస్తుల వాళ్ళకి ప్రభుత్వం 25,000 రూపాయలిచ్చింది. అంతవరకూ బాగానే జరిగింది. పరుపులూ ప్లైవుడ్ బీరువాలూ వీధిలో గుట్టలు పడ్డాయి. నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో గోడ మీద గీత కొట్టినట్టు బూజు లేచింది. బ్లీచింగ్ పౌడర్లో బాత్‌రూమ్ యాసిడ్ కలిపి కడిగేస్తామని ఫోన్ చేశారు. క్లోరిన్ గ్యాసు లేస్తుంది, ఊపిరి ఆగుతుంది, ఆ రెండూ ఒకచోట పెట్టొద్దని అరిచాను. ముందు తలుపులు, కిటికీలు బార్లా తీసి ఫ్యాన్లు పెట్టండి, ఊడే ప్లాస్టరు గీకించండి, గోడ పూర్తిగా ఆరాకే రంగు అన్నాను. దసరాకి చుట్టాలొస్తారని తడి గోడ మీదే రంగు వేయించారు. దీపావళికి రంగు నేల మీద ఉంది.

మా ఇంటి సంగతి చెప్పలేదు కదూ. పొగ కొట్టాక వారం బాగానే ఉంది. తర్వాత మళ్ళీ అదే వాసన. తోట పనికొచ్చే ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి వార్డ్‌రోబు జరిపించాను. గోడ మీద భుజాల ఎత్తున రంగు బొబ్బలెక్కి ఉంది, చెయ్యి పెడితే చల్లగా. ఆ గోడకి అవతల బాత్‌రూము. గోడ లోపల పైపు జాయింటు కారుతోంది. గోడలో పైపు దాచడమేంటని ఇల్లు కట్టేటప్పుడే అడిగాను, బయట ఉంటే అసహ్యంగా ఉంటుందన్నారు.

మిషన్ కంపెనీ వాళ్ళు మొన్న మళ్ళీ ఫోన్ చేశారు. ఏడాది కాంట్రాక్టు తీసుకుంటే మూడు నెలలకోసారి వచ్చి కొట్టి పోతారట, రేటు కూడా తగ్గిస్తారట. మావాడు ఆలోచిస్తానన్నాడు. ప్లంబరు మాత్రం ఇంకా ఫోనెత్తడం లేదు.