నడుస్తది సార్!

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడికి శత్రువులు ముగ్గురు. సరిగ్గా తాళి కట్టే క్షణంలో కెమెరాకి అడ్డం నిలబడే మేనమామ, "ఇంకా అవలేదా బాబూ?" అని రోజూ ఫోన్ చేసే పెళ్లికూతురి తండ్రి, నిండిపోయిన హార్డ్ డిస్కు. మొదటి ఇద్దర్నీ ఓర్చుకుంటే సరిపోతుంది. మూడోదానికి మాత్రం డబ్బు పెట్టాలి.

ఎంత చోటు కావాలో లెక్క చూడండి. కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాసిన 4కె వీడియో గంటకు 45 జీబీ. ఎడిటింగుకి హాయిగా ఉంటుందని దాన్ని ప్రోరెస్ 422 హెచ్‌క్యూలోకి మారిస్తే, సెకనుకు 25 ఫ్రేముల మీద అదే గంట సుమారు 332 జీబీకి ఉబ్బుతుంది. మూడు కెమెరాలు, ఆరు గంటల పెళ్లి అంటే దాదాపు ఆరు టెరాబైట్లు. అందులో సగం, విస్తరి ముందు కూర్చుని "నన్నెందుకు బాబూ తీస్తావు" అంటూ చెయ్యి అడ్డం పెట్టుకునే పెద్దవాళ్లే. అయినా ఒక్కటీ చెరపడానికి వీల్లేదు. "మా పెదనాన్న పప్పు కలుపుకున్న షాటేదీ?" అని చెరిపిన మర్నాడే అడుగుతారు.

అందుకని నాలుగు డిస్కులు పట్టే డబ్బా ఒకటి కొందామని సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే మనందరి సీటీసీకి వెళ్లాను. ఒక కొట్లో కుర్రాడు నల్లటి డబ్బా తీసి బల్లమీద పెట్టాడు.

"మాక్‌కి పనిచేస్తుందా?"

"నడుస్తది సార్."

"కలర్ చేసే మా తమ్ముడిది విండోసు."

"దానికి గూడ నడుస్తది."

"మూడు కెమెరాల 4కె ఒకేసారి టైమ్‌లైన్ మీద పెడితే?"

"నడుస్తది సార్."

"ఎక్కడా ఆగకుండా?"

కుర్రాడు క్షణం ఆలోచించాడు. "సార్, నేను నడుస్తది అన్న. ఉరుకుతది అన్లే."

ఈ వ్యాపారంలో ఇంత నిజాయితీ గల మాట నేను వినలేదు. తగిలించగానే తెరమీద డిస్కు బొమ్మ కనబడితే అది నడక. మూడు కెమెరాలూ తడబడకుండా ఆడితే అది ఉరుకు. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో రాసే హామీలన్నీ నడక గురించే.

ఉరుకుకి మొదటి అడ్డంకి పోర్టు. టైప్-సి పోర్టులన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. దాని వెనక 5 గిగాబిట్లున్నాయో, 10 ఉన్నాయో, 40 మోసే థండర్‌బోల్టు ఉందో ఆకారం చూసి చెప్పలేం. పేరు చూసి పోల్చుకుందామా అంటే, బారసాలలో జన్మనామం ఒకటీ, తాతగారి పేరొకటీ, పిలుపు పేరొకటీ పెట్టినట్టు యూఎస్‌బీ పెద్దలు ఆ 5 గిగాబిట్ల బిడ్డకి మూడు పేర్లు పెట్టారు: 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1. కాబట్టి పేరడక్కండి, గిగాబిట్లెన్నో అడగండి. అన్నీ సరిచూసుకున్నాక ఫోను చార్జింగు కేబులుతో తగిలించకండి. అలాంటివి చాలావరకు యూఎస్‌బీ 2.0 కేబుళ్లు, 480 మెగాబిట్లు దాటవు.

మన మూడు కెమెరాలకీ కలిపి సెకనుకు సుమారు 276 మెగాబైట్లు కావాలి. మంచి హార్డ్ డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు 200 పైచిలుకు ఇస్తుంది. నిండేకొద్దీ లోపలి వలయాల్లోకి వెళ్లి సగానికి దిగుతుంది. ఒక్క డిస్కు చాలదు, నాలుగు కలిసి లాగితే చాలు. ఆ నాలుగింటికీ 10 గిగాబిట్ల దారి సరిపోతుంది. థండర్‌బోల్టు ఖర్చు ఎస్ఎస్‌డీలు నింపేవాళ్లకి దండగ కాదు, మనకి దండగే. ఈ మాటకి కుర్రాడి ముఖం కాస్త వాడింది.

నాలుగింటినీ కలిపి లాగించే ఏర్పాటుకి రెయిడ్ అని పేరు. 1988లో బర్క్‌లీకి చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఆ పేరు పెట్టినప్పుడు అందులో 'చవకైన డిస్కులు' అని ఉండేది. తర్వాత పరిశ్రమ 'చవకైన' తీసేసి 'స్వతంత్ర' అని పెట్టుకుంది. బిల్లు చూశాక ఆ సవరణ న్యాయమే అనిపించింది. రెయిడ్ 0లో వేగం బాగుంటుంది గానీ ఒక్క డిస్కు పోతే పెళ్లంతా పోతుంది. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయినా పని సాగుతుంది, దానికి అద్దెగా ఒక డిస్కంత చోటు ఇచ్చుకోవాలి. ఎనిమిది టెరాబైట్లవి నాలుగు కొంటే 32కి డబ్బు కట్టి 24 వాడుకుంటాం. ఆ 24 మాక్‌లో 24గానే కనబడుతుంది, విండోసులో లెక్కించే పద్ధతి వేరు కనుక 21.8గా కనబడుతుంది. మా తమ్ముడు మిగతా రెండూ నేనే మింగినట్టు చూశాడు.

ఫార్మాటు దగ్గర ఇంకో పేచీ. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కుని మాక్ చదువుతుంది, తనంతట తాను రాయదు. మాక్ వాళ్ల ఏపీఎఫ్ఎస్‌ని తగిలిస్తే విండోసుకి అది డిస్కులాగే అనిపించదు, ఫార్మాట్ చేసెయ్యనా అని ఆశగా అడుగుతుంది. ఇద్దరికీ నచ్చేది ఎక్స్‌ఫ్యాట్. కాకపోతే రాస్తుండగా కేబులు లాగినా, కరెంటు పోయినా అది తట్టుకోలేదు. కనుక డబ్బాతోపాటు యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోండి.

డిస్కులు కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకం వద్దని గట్టిగా చెప్పండి. వాటిలో గీతలు ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. పోయిన డిస్కు స్థానంలో అలాంటిది పెడితే రెయిడ్ కోలుకునే లోపు పెళ్లికూతురికి సీమంతం వీడియో కూడా మీరే తీయాల్సొస్తుంది.

చివరిగా రెండు మాటలు. "ఈ డబ్బానే పాడైతే నా డిస్కుల్ని ఇంకేది చదువుతుంది?" అని కొనకముందే అడగండి. డబ్బాయే రెయిడ్ కడితే చాలాసార్లు అదే కంపెనీ డబ్బా ఇంకోటి కావలసి వస్తుంది. రెండోది, రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డరు చెరిపితే, ఆ చెరపడం కూడా నాలుగు డిస్కులమీదా శ్రద్ధగా చేసిపెడుతుంది. డబ్బా కొన్న రోజే విడిగా ఇంకో డిస్కు కొని, కాపీ తీసి, వేరే ఇంట్లో పెట్టండి. మూడు ముళ్లూ మళ్లీ వేయిద్దామంటే పెళ్లికొడుకు ఒప్పుకోడు.