తెల్ల బెల్టుకు ప్రమోషన్ లేదు

ఈ కథ చెబుతున్నది ఒక తెల్ల బెల్టు. ఆత్మకథే అయినా దానికి "నేను" అనే అలవాటు లేదు. బ్యాచ్ మారినప్పుడల్లా నడుము మారిపోయే బతుక్కి "నేను" ఎక్కడిది? ఎవరు కట్టుకుంటే వాళ్ల కథే దాని కథ. అందుకే తన సంగతులు కూడా పక్కింటివాళ్ల సంగతులు చెప్పినట్టే చెబుతుంది.

నూలుగుడ్డ పొరలు పేర్చి, పొడవునా వరస కుట్లు వేస్తే పుట్టింది. వెడల్పు దాదాపు 4 సెంటీమీటర్లు. పొడవు, పిల్ల నడుముకు రెండు చుట్లు తిరిగి ముందు ముడిపడ్డాక కొసలు రెండూ సమానంగా వేలాడేంత. తెలంగాణలో ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో, కరాటే సామాన్ల సంచిలో దాని కాపురం. కొత్త పిల్లలు వస్తే బయటికి తీస్తారు. పసుపు బెల్టు టెస్టు పాసైన రోజు విప్పి మళ్లీ సంచిలో పడేస్తారు. నల్ల బెల్టయితే కట్టుకున్న మనిషితో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. తెల్లదానికి ఆ యోగం లేదు, దానికి తెలిసినదంతా తొలి నెలల సంగతే. పిల్లల్లో అసలు మార్పు కనిపించేదీ అప్పుడే అని దాని వాదన.

బెల్టును ఉతకకూడదనీ, ఏళ్ల చెమటకూ మట్టికీ తెల్లది నల్లబడితే అదే బ్లాక్ బెల్టనీ ఒక కథ తిరుగుతుంటుంది. ఈ హాస్టల్ పిల్లలు ఆ కథ వినలేదు. ఆదివారం యూనిఫాంలతోపాటు దీన్నీ సబ్బునీళ్లలో ముంచి బండకేసి బాదుతారు. ఆ కథ నిజం కాదు కాబట్టి నష్టమేమీ లేదు.

నిజమైన వంశవృక్షం టోక్యోలో మొదలవుతుంది. 1860లో పుట్టిన జిగోరో కానో పొట్టివాడు, బక్కపలచటివాడు, బడిలో పెద్దపిల్లల చేతుల్లో నలిగినవాడు. ఆ కసితోనే జుజుత్సు అనే పాత యుద్ధకళ నేర్చుకున్నాడు. 1882లో ఎయిషోజీ అనే బౌద్ధాలయంలో, 12 చాపలు పట్టే గదిలో, తొమ్మిదిమంది శిష్యులతో జూడో శిక్షణాలయం తెరిచాడు. శిష్యుల స్థాయికి డాన్ మెట్లు కట్టిందీ, నల్ల బెల్టు తెచ్చిందీ ఆయనే. అయితే ఆయన ఉద్యోగం కుస్తీ కాదు, చదువు. ఉపాధ్యాయులను తయారుచేసే కాలేజీకి ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్.

కరాటే వైపు చూసినా మళ్లీ బడే ఎదురవుతుంది. ఒకినావాలో ఇతోసు అంకో 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కరాటేను బడుల్లోకి తెచ్చి, పిల్లల కోసం ఐదు కటాలు, అంటే వరస తప్పకుండా చేసే కదలికల పాఠాలు, కూర్చాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గిచిన్ ఫునాకోషి చిన్నప్పుడు రోగిష్టి పిల్లాడు, పెద్దయ్యాక బడిపంతులు. 1922లో టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించాడు. 1924లో కానో బెల్టు పద్ధతిని కరాటేకు తెచ్చుకున్నాడు. రంగురంగుల బెల్టుల వరసకు 1930లలో ప్రాచుర్యం తెచ్చినవాడు పారిస్‌లో జూడో నేర్పిన మికినోసుకే కవాయిషి. సినిమాల పుణ్యమా అని బెల్టంటే వీరుల వస్తువని పేరొచ్చింది గానీ, దాని పెద్దలు చాలామంది హాజరు పట్టీ చేతపట్టినవాళ్లే.

ఇక సొంత సంగతులు. కిందటి బ్యాచ్‌లో ఈ బెల్టు ఒక ఏడో తరగతి పిల్లకు దక్కింది. మొదటి రోజు ముడి కూడా పక్కపిల్లే వేసింది. మాస్టారు తన్నడం, గుద్దడం నేర్పుతాడనుకుంటే, ముందు నిలబడడం నేర్పాడు. పాదాలు భుజాలంత ఎడం, చూపు ఎదురుగా. తర్వాత అరవమన్నాడు. పంచ్‌తోపాటు పొట్టలోంచి రావాల్సిన ఆ అరుపును కియాయ్ అంటారు. గొంతు పెంచితే ఇంట్లో తిట్లు తిన్న పిల్లలు ఒకరినొకరు చూసుకుని కిసుక్కుమన్నారు. "నాతోని కాదు సార్" అంది ఈ పిల్ల. బలవంతపెడితే దోమ గీపెట్టినట్టు ఒక శబ్దం వచ్చింది.

బెల్టు ఉండేది బొడ్డుకు కాస్త కింద. అక్కడ ఉన్నదానికి ఊపిరి లెక్క బాగా తెలుస్తుంది. బెదిరిన పిల్లకు ఊపిరి ఛాతీలోనే పైపైన ఆడుతుంది, పొట్ట కదలదు. కొన్ని వారాలు గడిచాక పొట్ట నిండా గాలి తీసుకుంటుంటే బెల్టు బిగుసుకోవడం, వదులవడం మొదలైంది. ఆ తర్వాతే అరుపుకు బలం వచ్చింది.

పడడం కూడా పాఠమే. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా పడడం రావాలి. ఇది సరిగ్గా నేర్పకపోతే ఏమవుతుందో జూడో పుట్టిన దేశమే చూసింది. జపాన్‌లో 1983 తర్వాత సుమారు మూడు దశాబ్దాల్లో బడి జూడోలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. తల దెబ్బలే ప్రధాన కారణం. పిల్లను క్లాసులో చేర్చే తల్లిదండ్రులు మాస్టారి గోడమీది కప్పులు లెక్కపెడతారు. అవి చూడకపోయినా పర్వాలేదు, తొలి నెలలో పడడం ఎలా నేర్పుతున్నాడో చూడాలి.

షోటోకాన్ అనే కరాటే శాఖలో పిల్లలు సాధారణంగా మొదట నేర్చుకునే కటా హేయాన్ షోదాన్. 21 కదలికలు. మొదటిది ఎడమవైపు తిరిగి వేసే బ్లాక్, పంచ్ దాని తర్వాతే. కరాటే తెలిసినవాడు ముందు చేయి చేసుకోకూడదన్నది ఫునాకోషి పెట్టిన నియమం. జంటగా సాధన చేసేటప్పుడు పిడికిలి స్నేహితురాలి ముక్కు ముందు ఆపాలి. కోపంలో ఉన్న పిల్ల ఆపలేదు. పొద్దున మంచినీళ్ల దగ్గర తగవు పడి వచ్చిన ఇద్దరిని మాస్టారు కావాలనే జంట కట్టిన రోజులున్నాయి. ఆ సాయంత్రాలు బెల్టుకు చాలా ఇష్టం.

నీతి, నిగ్రహం లేకుండా కొట్టడమే నేర్పితే? అమెరికాలో మైకేల్ ట్రల్సన్ 1986లో ప్రచురించిన అధ్యయనం ఉంది. నేరాల బాట పట్టిన 34 మంది కుర్రాళ్లను మూడు గుంపులు చేశాడు. మర్యాద, ధ్యానం, తత్వం కలిపి తైక్వాండో నేర్చుకున్నవాళ్లలో ఆరు నెలలకు దూకుడు తగ్గింది. పోరాటం ఒక్కటే నేర్చుకున్నవాళ్లలో పెరిగింది. మూడో గుంపు పరుగు, బాస్కెట్‌బాల్‌తో సరిపెట్టుకుంది. ఇది చిన్న అధ్యయనమే. 2004లో లేక్స్, హోయిట్ ప్రాథమిక బడి పిల్లలు 207 మందిని మూడు నెలలు గమనించారు. మామూలు వ్యాయామం చేసిన పిల్లలకన్నా యుద్ధకళ నేర్చుకున్న పిల్లల్లో ఏకాగ్రత, తరగతిలో నడవడిక ఎక్కువ మెరుగుపడ్డాయి. నోటిలెక్కలు కూడా.

మన ప్రభుత్వ బడుల్లోనూ ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పే పథకం ఉంది. సమగ్ర శిక్ష కింద, రాణీ లక్ష్మీబాయి పేరున. మూడు నెలల శిక్షణ, బడికి నెలకు 5,000 రూపాయలు. ఆ డబ్బుకు, ఆ వ్యవధికి, ఎదిగిన మగవాణ్ని మట్టికరిపించే పిల్ల తయారవుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. అలాంటి ధీమా భయంకన్నా ప్రమాదం. మూడు నెలల్లో వచ్చేవి వేరు. నిటారుగా నిలబడడం, దూరం అంచనా వేయడం, వద్దని గట్టిగా అనడం, వీలైతే పరిగెత్తడం, జరిగింది పెద్దవాళ్లకు చెప్పడం.

మన ఏడో తరగతి పిల్ల దసరా సెలవులకు ఆర్టీసీ బస్సులో ఊరెళ్లింది. బెల్టు అప్పుడు సంచిలో ఉంది, విన్నదంతా తర్వాత క్లాసులో విన్నదే. నిలబడిన ఒకతను అదే పనిగా మోచెయ్యి తగిలిస్తుంటే "దూరం జరుగుర్రి" అని అరిచిందట. బస్సంతా తిరిగి చూసింది, అతను వెనక్కి పోయాడు.

"తన్నినవా?" అని అడిగారు పిల్లలు ఆశగా.

"లే. గట్టిగ అన్న, గంతే."

మాస్టారు మెచ్చుకుని వదిలేయలేదు. "కండక్టర్‌కు చెప్పినవా?" అన్నాడు. చెప్పలేదట, సిగ్గయిందట. ఆ రోజు కటా పక్కనపెట్టి చెప్పడమే సాధన చేయించాడు. వరండాలో బెంచీలు బస్సయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి, ఏం జరిగిందో, ఎవరు చేశారో, తడబడకుండా చెప్పాలి. కండక్టర్ వేషం వేసిన పొడుగుపిల్లకు టికెట్ల సంచి కావాల్సి వచ్చింది. పుస్తకాల సంచికి ఈ బెల్టునే కట్టి భుజానికి తగిలించుకుని, "జీరో టికెట్ తీసుకోర్రి, లోపలికి జరుగుర్రి" అని కేకలు మొదలుపెట్టింది. ఆ బ్యాచ్‌లో అంత గట్టి గొంతు మరెవరికీ లేదు.