గుడిసెకు ఎనిమిది వేలు కట్టిన దొరవారికి

మహారాజశ్రీ విపత్తు సహాయ నిబంధనలు రాసే పెద్దల సముఖానికి,

తమరి పేరు నాకు తెలియదు గనక, చేసిన పనిని బట్టి పిలవాల్సి వస్తోంది. 2022 అక్టోబరులో కేంద్ర హోంశాఖ నుంచి రాష్ట్రాలకు ఒక పట్టిక వెళ్ళింది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి దేనికి ఎంత ఇవ్వవచ్చో, 2025-26 దాకా వర్తించేలా అందులో ఖరారు చేశారు. ఆ నిధి గుర్తించిన విపత్తుల్లో అగ్నిప్రమాదం ఒకటి. తుపాను, భూకంపం, వరదల సరసన దానికీ పీట వేశారు, సంతోషం. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే, అది పక్కాదైనా కచ్చాదైనా 1,20,000 రూపాయలు. కొండ ప్రాంతంలో 1,30,000. అదే గుడిసె అయితే 8,000. 2015 నాటి పట్టికలో ఇది 4,100గా ఉండేది కనక దాదాపు రెట్టింపు చేసిన దయ తమరిదే. ముందు ఆ కృతజ్ఞత చెల్లించుకుని తర్వాత మాట్లాడతాను. గుడిసె అంటే ఏమిటో కూడా తమరే విడమరిచారు. కచ్చా ఇంటికన్నా తక్కువ రకంది, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న తాత్కాలిక నివాసం, అధికారులు గుడిసెగా గుర్తించేది అని. మూడు తరాలు కాపురం చేసిన పూరిల్లయినా ఈ కొలతకు తాత్కాలికమే.

ఇప్పుడు నిప్పు సంగతి చూద్దాం. వరద మేడను, పాకను ఒకేలా ముంచుతుంది. నిప్పు అలా కాదు, దానికి ఎంపిక ఉంది. మార్చి నుంచి మే దాకా, ఎండకు తాటాకు పెళపెళలాడే రోజుల్లో, వడగాలి వీచే మధ్యాహ్నాల్లో, పొయ్యిలోంచి లేచిన ఒక్క రవ్వ చాలు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇళ్ళు గోడకు గోడ కలిపి వరసగా ఉంటాయి. ఒక కప్పు అంటుకుంటే ఫైరింజను మండల కేంద్రం దాటేలోపు వరస వరసంతా పోతుంది. శ్లాబు ఇంట్లో మంట లేస్తే ఒక గది, కొంత సామాను పోయి గోడలు మిగలడం మామూలు. పూరింటికి అలా సగం కాలడమనేది దాదాపు ఉండదు. అంటే నిప్పుకు అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది, దొరికితే అన్నిటికన్నా పూర్తిగా పోయేది గుడిసె. పూర్తిగా పోయిన ఇళ్ళలో ఆ గుడిసెకే తమరి పట్టికలో అన్నిటికన్నా తక్కువ వచ్చింది. ఒక కచ్చా ఇంటికి ఇచ్చే సొమ్ముతో 15 గుడిసెలకు సహాయం చేయవచ్చు. మట్టిగోడ కొంచెం గట్టిగా ఉందని ఒక వీఆర్వో పంచనామాలో రాస్తే లక్షా ఇరవై వేలు, లేదని రాస్తే ఎనిమిది వేలు. నిబంధనల పుస్తకమంతటిలో ఇంత ఖరీదైన విశేషణం ఇంకొకటి ఉండకపోవచ్చు.

దీనికి తమరి సమాధానం నాకు తెలుసు. పోయిన దాని విలువను బట్టి ఇస్తాం, గుడిసె విలువే అంత అంటారు. నేను ఒప్పుకోలేనిది సరిగ్గా ఇక్కడే. తమరు ఇస్తున్నది నష్టపరిహారం కాదు, సహాయం. ఆ మాట తమరి పట్టిక శీర్షికలోనే ఉంది. పరిహారమైతే పోయిన వస్తువు ఖరీదు చూడాలి. సహాయమైతే మిగిలిన మనుషులు మళ్ళీ నిలబడటానికి ఏం కావాలో చూడాలి. గుడిసె పోయిన కుటుంబానికీ కచ్చా ఇల్లు పోయిన కుటుంబానికీ కావలసింది ఒకటే: తల మీద ఒక కప్పు, వండుకోవడానికి నాలుగు గిన్నెలు, పిల్లల పుస్తకాలు, మళ్ళీ కూలికి వెళ్ళగలిగే స్థితి. కొత్తగా ఇల్లు ఇచ్చేటప్పుడు ప్రభుత్వాలకు ఈ సంగతి బాగానే తెలుసు. గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతంలో ఇంటికి 1,20,000 అని 2016లోనే అనుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ‘పేదలందరికీ ఇళ్ళు’లో యూనిట్ ఖరీదు 1,80,000గా పెట్టారు. తెలంగాణ ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. ఆ పథకాల్లో ఎక్కడా నువ్వు ఇప్పుడుంటున్న గుడిసె ఖరీదెంత, దాన్ని బట్టి నీ కొత్త ఇల్లు లెక్కగడతాం అనలేదు. అది పేదవాడికి కావలసిన ఇల్లు గనక ఇంత అన్నారు. అదే గుడిసె కాలిపోయిన మర్నాడు వాడికి కావలసింది మాత్రం ఎనిమిది వేలకు ఎలా దిగింది?

ఇంటి లోపలి సామాను దగ్గరికి వస్తే, తమరు ఈ పట్టిక రాసినప్పుడు ఎదురుగా వరద బొమ్మ మాత్రమే ఉన్నట్టు కనిపిస్తుంది. బట్టలకు కుటుంబానికి 2,500, గిన్నెలకూ ఇంటి సామానుకూ మరో 2,500. అర్హత ఇల్లు కొట్టుకుపోయినవారికి, పూర్తిగా దెబ్బతిన్నవారికి, లేదా రెండు రోజులకు మించి నీట మునిగినవారికి. నిప్పుకు రెండు రోజులు అక్కర్లేదు, అరగంట చాలు. అదీకాక నీళ్ళు తీశాక బిందె బురదలోనైనా దొరుకుతుంది. ట్రంకుపెట్టె ఎండబెడితే ఎండుతుంది. ధాన్యం మొలకెత్తినా పశువులకు పనికొస్తుంది. నిప్పు తరవాత అల్యూమినియం గిన్నెలు ముద్ద కడతాయి, బస్తాలో బియ్యం బొగ్గవుతాయి, బీరువా నిలబడే ఉన్నా లోపల చీరలుండవు. పెళ్ళికని దాచిన బంగారం కరిగి బూడిదలో కలిస్తే ఆ బూడిద జల్లెడ పట్టుకోవాలి. పూర్తి నష్టానికి పూర్తి పేరు నిప్పే అయితే, సామాను పద్దు కింద నిప్పుకు వరదకన్నా ఒక రూపాయి ఎక్కువ రాసి ఉండాల్సింది. ఇక ఒకప్పుడు మన పత్రికల జిల్లా పేజీల్లో తహసీల్దారుగారు అగ్నిబాధితులకు బియ్యంతో పాటు కిరోసిన్ అందజేశారన్న వార్త తరచూ కనిపించేది. ఆ వెటకారం ఎవరూ కావాలని చేసింది కాదు. జాబితాలో ఉంది కనక ఇచ్చారు.

నిబంధన అంతే ఉంది, మేమేం చేస్తాం అని రాష్ట్రాలు అనడానికి కూడా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, కింది అంతస్తు మునిగిన కుటుంబానికి 25,000, పై అంతస్తుల వారికి 10,000 చొప్పున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చింది. ఎవరి ఇంట్లో ఏ ఫ్రిజ్జు పోయిందని చూడలేదు. మునిగిన కుటుంబం అనే కొలత పెట్టుకుంది, అది సరైన కొలత. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో దాదాపు నలభై బోట్లు తగలబడితే, బోటు విలువలో 80 శాతం ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. అంటే మనసుంటే పట్టికను దాటే మార్గం ఉంది. కాకపోతే ఆ మనసు రావడానికి జనం ఎక్కువమంది కావాలి, టీవీ కెమెరాలు రావాలి, ఓ మంత్రి గట్టున నిలబడాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టమే విపత్తును ఆ ప్రాంత సమాజం తట్టుకునే శక్తికి మించిందిగా నిర్వచించింది. పొలాల మధ్య ఒక్క ఇల్లు కాలితే ఆ ఊరి సమాజం చలించదు కాబట్టి తట్టుకున్నట్టే లెక్క. ఆ ఒక్క కుటుంబం తట్టుకుందా లేదా అన్న ప్రశ్న చట్టంలో ఎవరూ అడగరు. వెయ్యి ఇళ్ళతో కలిసి కాలితే విపత్తు, ఒంటరిగా కాలితే దురదృష్టం.

పోయిన వాటిలో పట్టికకు అసలే కనపడనివి కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, డ్వాక్రా పుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లాడి టెన్త్ మెమో, ఇంటి స్థలం పట్టా, వికలాంగ ధ్రువపత్రం, అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. ముఖ్యమైనవన్నీ ఒక చోట పెట్టుకోమని చెప్పింది మనమే కదా. సహాయం కోసం దరఖాస్తు పెడితే మొదట అడిగేది ఆ పెట్టెలోవే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు అన్న సామెత మనవాళ్ళు ఊరికే కట్టలేదు. నకలు తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు. కాకపోతే మెమో నకలుకు పోలీసు స్టేషను కాగితం, నోటరీ అఫిడవిట్ కావాలి. రిజిస్టర్డ్ దస్తావేజు నకలుకు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నంబరు చెప్పాలి, ఆ నంబరు కాలిన దస్తావేజు మీద ఉంది. ఆధార్ ఆన్‌లైన్‌లో ఉచితంగా తీసుకోవాలంటే ఓటీపీ వస్తుంది, అది వచ్చే ఫోను కూడా కాలింది. ఒక్కో మెట్టు విడిగా చూస్తే ఏదీ అన్యాయం కాదు. అన్నీ కలిసి ఒక మనిషి మీద పడితే ఆ నెల కూలి పోయినట్టే. నిజానికి ఈ కాగితాలన్నిటి అసలు ప్రతులు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. మీసేవ సర్వర్లలో, సచివాలయం రిజిస్టర్లలో, పరీక్షల బోర్డులో, 2015లో మొదలైన డిజీలాకర్‌లో. తన దగ్గర ఉన్నదాన్ని ఇవ్వడానికి ప్రభుత్వం, బాధితుడి దగ్గర లేనిదాన్ని తెమ్మని అతణ్ణి తిప్పుతోంది. 2018 వరదల తరవాత కేరళ ప్రత్యేక అదాలత్‌లు పెట్టి, పోయిన ధ్రువపత్రాలు అక్కడే మళ్ళీ ఇచ్చింది. వేలమందికి చేసింది ఒక్క కుటుంబానికి చేయడం ఇంకా తేలిక. వేలిముద్ర వేయించుకుని, పంచనామా ప్రతినే అఫిడవిట్టుగా, పోలీసు కాగితంగా అన్ని శాఖలూ ఒప్పుకునేలా ఒక ఉత్తర్వు చాలు. దానికి రూపాయి ఖర్చు లేదు.

డబ్బు పెంచితే జనం తమ గుడిసెలు తామే తగలబెట్టుకుంటారన్న అనుమానం తమరికి ఉండటం సహజం, ఖజానా కాపలాదారుకు అది ఉండాల్సిందే. కానీ దానికి జవాబు తమ ప్రభుత్వాల దగ్గరే ఉంది. ఇందిరమ్మ ఇంటికి డబ్బు ఒక్కసారిగా ఇవ్వరు. పునాది, గోడలు, శ్లాబు అంటూ పని జరిగినకొద్దీ, ఫొటో తీసుకున్నాక విడతలుగా ఇస్తారు. అగ్నిబాధితుడికీ అలాగే ఇవ్వండి. బియ్యం, గిన్నెలు, బట్టలు, మొదటి నెల ఖర్చులకు కొంత నగదు చేతికిచ్చి, మిగతాది గోడ లేచినకొద్దీ ఇస్తే తగలబెట్టుకుని లాభపడేదేముంది? ఇంటికి ఇల్లే వస్తుంది, మధ్యలో సామాను, కాగితాలు, ఒక్కోసారి ప్రాణాలు పోతాయి. పైగా ఊళ్ళో నిప్పు దాచేస్తే దాగేది కాదు. 101కు ఫోను పోతుంది, ఫైరింజను పుస్తకంలో నమోదవుతుంది, వాడంతా బిందెలతో పరిగెత్తుతుంది. సాక్షులు ఇంతమంది ఉన్న నష్టం ఇంకోటి లేదు. ఇక ఖర్చు భయమంటారా? 2021 నుంచి అయిదేళ్ళకు రాష్ట్రాల స్పందన నిధులకు 15వ ఆర్థిక సంఘం 1,28,122 కోట్లు లెక్కగట్టింది. తుపానులా ఒక్క రాత్రిలో లక్ష ఇళ్ళ మీద పడే ఖర్చు కాదిది, ఏడాది పొడవునా చెదురుమదురుగా వచ్చేది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటుంది. దెబ్బతిన్న ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలన్నది తమరి షరతు. కాలవ గట్టు మీద, పోరంబోకులో వేసిన పాకకు డబ్బిస్తే ఆక్రమణను ఆమోదించినట్టు కాదా అంటారు. ఈ ప్రశ్నను కొట్టిపారేయలేను. ఆ స్థలంలోనే మళ్ళీ ఇల్లు కట్టుకోమని ప్రభుత్వం డబ్బివ్వడం చిక్కే. కానీ కుటుంబాన్ని కొలతగా తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. గిన్నెలకు, బట్టలకు, పుస్తకాలకు, కాగితాలకు స్థలం పట్టాతో పనిలేదు. అవి ఆక్రమణలు కావు. ఇంటి మాటకొస్తే, ఆ పాకకు కరెంటు మీటరిచ్చింది, అదే చిరునామాకు ఓటు ఇచ్చింది ప్రభుత్వమే. మీటరు దగ్గర కనపడిన కుటుంబం సహాయం దగ్గర కనపడకపోతే ఎలా? కట్టుకోవడానికి వేరే చోట స్థలం చూపించి సొమ్ము అక్కడ ఇవ్వవచ్చు. గట్టు ఖాళీ అవుతుంది కనక తమరికీ మేలే. అద్దెకున్నవాళ్ళదీ ఇదే కథ. ఇంటి డబ్బు యజమానికి పోతుంది, కాలిన సంసారం మాత్రం అద్దెవాడిది.

బీమా చేయించుకోవాల్సింది కదా అనేవారికి ఒక్క మాట. గుడిసెకు బీమా అనే ఆలోచన ప్రభుత్వానికి 1988లోనే వచ్చింది. గుడిసెకు వెయ్యి, సామానుకు అయిదు వందలు ఇచ్చే పథకం పెట్టారు. 2021 నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ అమ్మాల్సిన ‘భారత్ గృహ రక్ష’ మంచి పాలసీయే గాని, దాన్ని పూరింటి గుమ్మం దాకా మోసుకొచ్చే ఏజెంటు ఎక్కడ? ఉన్న రక్షణ సంగతి కూడా ఎవరూ చెప్పరు. గ్యాస్ బండ పేలి ఇల్లు పోతే, కనెక్షను ఉన్న చిరునామాలో ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా, మనిషి పోతే 6 లక్షల దాకా చమురు కంపెనీలు చేయించిన బీమా ఉంది. వినియోగదారు ప్రీమియం కట్టక్కర్లేదు, వెంటనే డీలరుకు రాసివ్వాలి. పంచనామాకు వచ్చిన ఉద్యోగి ఈ ఒక్క మాట చెప్పి దరఖాస్తు రాయిస్తే, తమరి ఎనిమిది వేలకన్నా పెద్ద సహాయం చేసినట్టు.

కాబట్టి పట్టిక తిరగరాసేటప్పుడు గుడిసె వరసను తీసేసి కచ్చా ఇంటితో కలపమనీ, సామాను పద్దును కనీసం బుడమేరు లెక్కకు తెమ్మనీ, పంచనామాను అన్ని శాఖలూ ఒప్పుకునే కాగితం చేయమనీ ప్రార్థన. ఇంకొక చిన్న విన్నపం ఉంది. పత్తి డబ్బో పసుపు డబ్బో ఇంట్లో ఉండగా కాలితే, నల్లబడి పెళుసైన నోట్లను మామూలు బ్యాంకు శాఖ తీసుకోదు. రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయానికే తీసుకెళ్ళాలి. తెలుగువారికి అది హైదరాబాదులో ఉంది. అంత దూరం బస్సులో ఒత్తిడికి ఆ నోట్లు ఏ మేరకు మిగులుతాయో తమరు ఊహించగలరు. తహసీల్దారు ఆఫీసులోనే వాటిని అట్టపెట్టెలో పెట్టి, సీలు వేసి, రసీదిచ్చి పంపే ఏర్పాటు చేయండి. అది కుదిరేదాకా, ఇచ్ఛాపురం వాళ్ళకు హైదరాబాదుకన్నా భువనేశ్వర్ కార్యాలయమే దగ్గరన్న సంగతైనా ఎవరి చేతనైనా చెప్పించండి.

చిత్తగించవలెను.