మూడో గేరులో మామగారి ఊరికి

మా మారుతి 800కి గేర్లు ముందుకు నాలుగు, వెనక్కి ఒకటి. ఇది కంపెనీ లెక్క. మా ఇంటి లెక్కలో ఒకటి వేస్తే మూడు పడేది, మూడు వేస్తే ఏదీ పడేది కాదు. రివర్స్ అయితే దయ కలిగినప్పుడు పడేది. న్యూట్రల్‌లో గేరు రాడ్డు ఎంత విశాలంగా తిరిగేదంటే, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు తలుపు వైపు తిప్పుకుని కూర్చునేవాళ్ళు.

దాంతో మా సంసారమంతా రివర్స్ అక్కర్లేని దారుల్లో నడిచింది. నిజామాబాద్ గాంధీ చౌక్‌లో కూరగాయలు కొనడం మానేశాం. అక్కడ బండి పెట్టడం మన చేతిలో పని, తీయడం వెనకవాళ్ళ చేతిలో పని. ముందు నుంచి దూరి వెనక నుంచి బయటపడే వీలున్న దుకాణాలకే మా గిరాకీ. సందు చివర ఇల్లున్న ఒక పెద్దమ్మ, మేం రావడం లేదని అలిగి, మా ఇంట్లో శుభకార్యానికి తనూ రాలేదు. ఆవిడకి గేరు సంగతి చెప్తే సాకు అనుకుంది.

పట్నంలో ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిందకి వంగకుండానే, "గేర్ బాక్స్ దించాలె సార్" అన్నాడు. కాగితం మీద రాసిచ్చిన అంకె ఇరవై రెండు వేలు. బండి మొత్తం అమ్మినా అంతకంటే పెద్దగా ఎక్కువ రాదు. అదే కాగితాన్ని కబాడీవాడికి చూపిస్తే అతను నవ్వలేదు. తూకం ఎంత ఉంటుందో లెక్కలు వేసుకున్నాడు.

ఇక మిగిలింది బోధన్‌లో మా మామ.

నిజామాబాద్ నుంచి బోధన్ ఎంతో దూరం కాదు. కానీ జానకంపేట, ఎడపల్లి దాటుకుంటూ వెళ్ళే ఆ రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు, కోత మిషన్లు ముందు నడుస్తుంటే రెండో గేరు చాలా అవసరం. మాకు లేనిదీ అదే. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మూడో గేరులో కారు దగ్గుతూ, వణుకుతూ ఎక్కేది. మా ఇంటామె కొమురవెల్లి మల్లన్నకి మొక్కుకునేది.

ఇదివరకు ఈ రోడ్డు మీద ముందు నడిచేవి చెరుకు బండ్లు. 1931లో నిజాంసాగర్ కట్టడం పూర్తయ్యాక కాలువ నీళ్ళతో ఈ నేలంతా చెరుకు నేల అయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని మా వాళ్ళు ఇప్పటికీ, మూతపడ్డ గేటు ముందు నిలబడి కూడా, ఛాతీ విరుచుకుని చెప్తారు. 2002లో ప్రైవేటు చేతికి వెళ్ళింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. మా మామ అందులో మిల్ హౌస్ ఫిట్టర్‌గా చేసి, మూత పడకముందే రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నంత కాలం క్రషింగ్ సీజన్ అయిపోగానే మిల్లులన్నీ విప్పి, ఏది అరిగిందో చూసి, మార్చి, మళ్ళీ బిగించడమే ఆయన పని. ఇప్పుడు విప్పడానికి మిల్లు లేదు. అందుకని ఇంటికి వచ్చినవాళ్ళ చేతి గడియారం వైపు కూడా ఒక రకంగా చూస్తాడు.

"రాండ్రి అల్లుడూ, బండి చాలూ చెయ్యకుండ్రి," అన్నాడు దిగకముందే. "గట్లనే బంద్ మీద గేర్లు వేయుండ్రి."

వేశాను. పడలేదు.

"బంద్ మీద మంచిగ పడి, చాలూ చేసినంక గర్‌గర్ అంటే క్లచ్ ఖరాబన్నట్టు. బంద్ మీద గూడ పడ్తలేదంటే ముందు నడిమిట్ల చూడాలె. గేర్ బాక్సు మీద పడి ఏడ్సుడు దేనికి?"

విషయం ఏమిటంటే, గేరు రాడ్డు మన చేతి కింద ఉంటుంది. గేరు బాక్సు బానెట్ కింద ఇంజన్ పక్కన ఉంటుంది. ఈ చేతి మాట ఆ పెట్టెకి చేరవేయడానికి కారు పొట్ట కింద పొడవాటి రాడ్డు ఒకటి పోతుంది. దాని కీళ్ళ దగ్గర బొటనవేలంత బుష్‌లు ఉంటాయి. పక్కనే సైలెన్సర్ పైపు వేడి, కింద నుంచి వానాకాలం బురద. ఏళ్ళు గడిస్తే అవి అరగడం న్యాయమే, కంపెనీని అనడానికి లేదు. బుష్ అరిగితే చేయి నాలుగు అంగుళాలు కదిలితే రాడ్డు అవతలి కొస రెండు అంగుళాలే కదులుతుంది. పెట్టెలో పళ్ళన్నీ బంగారంలా ఉన్నా వాటికి కబురు అందదు.

అంబాసిడర్, ఫియట్ కాలంలో గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది. ఆ లింకులు ఇరుక్కుంటే డ్రైవర్ దిగి, బానెట్ ఎత్తి, చేత్తో లాగి విడిపించి, మళ్ళీ ఎక్కి, ఏమీ జరగనట్టు పోయేవాడు. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళం ఇచ్చాక బానెట్ ఎత్తడం అనే ఆ విద్యే పోయిందని మా మామ బాధ.

కారు కింద దూరడానికి ఆయన జాకీని నమ్మడు. "జాకీని నమ్మేటోడు ముందుగాల బీమా కట్టాలె," అని ముందు చక్రాలు సిమెంట్ దిమ్మల మీదకి ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టించాడు. నన్ను లోపల కూర్చోబెట్టి గేరు అటూ ఇటూ ఆడించమన్నాడు. కింద నుంచి నవ్వు వినిపించింది.

ఆ కీలు దగ్గర ఈ కారు పాత యజమానుల చరిత్రంతా పొరలు పొరలుగా ఉంది. పైన బైండింగ్ వైరు. దాని కింద సైకిల్ ట్యూబ్ ముక్క. దాని కింద, నిజంగానే, నీలం రంగు హవాయి చెప్పు. అసలు బుష్ మాత్రం పొడి అయిపోయి మామ కంట్లో రాలింది.

బోల్టు తుప్పు పట్టి కదలనంది. కిరసనాయిలు పోసి, చాయ్ తాగి వచ్చి, పానాతో తిప్పితే వచ్చింది. అసలు పోరు లేత్ మిషన్ దగ్గర మొదలైంది. లేత్ అతను నైలాన్ కడ్డీ తీశాడు. మామ జేబులోంచి గన్‌మెటల్ ముక్క తీశాడు. అది ఎక్కడిదని నేను అడగలేదు.

"మామా, కంపెనీవాళ్ళే ప్లాస్టిక్ పెట్టిండ్రు గదా," అన్నాను.

"టన్నుల కొద్ది చెరుకు నలిపే రోలర్ కింద గన్‌మెటల్ బేరింగ్ నిలబడ్డది. మీ ఎడమచేతి బరువు ఎంత?"

చివరికి రాజీ కుదిరింది. గేరు బాక్సు దగ్గరి కీలుకి నైలాన్, గేరు రాడ్డు అడుగున గన్‌మెటల్. రెండింటికీ లేత్ పనితో కలిపి నాలుగు వందల లోపే అయింది. గ్రీజు, కొత్త బోల్టు మామ రేకు డబ్బాలోవి. ఇరవై రెండు వేల కాగితాన్ని ఆయన గ్రీజు చేతులు తుడుచుకోవడానికి వాడుకున్నాడు.

గేర్లు ఇప్పుడు టకటకా పడుతున్నాయి. ఒకటంటే ఒకటే, రివర్స్ అంటే రివర్సే. అయితే నైలాన్ ఇంజన్ వణుకుని కొంత మింగుతుంది, లోహం మింగదు. మూడు సిలిండర్ల ఇంజన్ చెప్పుకోదలచినదంతా ఆ గన్‌మెటల్ గుండా నా అరచేతిలోకి వస్తోంది. ఎడపల్లి చేరేసరికి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మామతో అంటే, "మంచిదే, నిద్ర రాదు," అన్నాడు.

బుష్‌లు వేసిన రోజు సాయంత్రం మామ వాకిట్లో పక్కింటి ట్రాక్టర్ కూడా వచ్చి నిలబడింది, హ్యాండ్ బ్రేక్ పట్టడం లేదని. మామ పానాల డబ్బా మళ్ళీ తెరిచాడు. మా అత్తమ్మ మిక్సీ గిన్నెలో బుష్ పోయిందని సంక్రాంతి నుంచి మొత్తుకుంటోంది. దానికి మాత్రం కొత్త గిన్నె కొనుక్కోమంటున్నాడు.