నా వీపు చదవండి: ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆత్మకథ

నా ఒంట్లో ఉన్నవి నాలుగే. ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9. అన్నీ కలిపి 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు సరిపడా. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరారు చేసిన కొలత ఇది. ఖమ్మంలో ఒక మెడికల్ షాపులో, కౌంటరు వెనక అట్టపెట్టెలో నా నివాసం.

మా వంశానికి పేరు తెచ్చింది బన్‌గావ్. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులతో పశ్చిమ బెంగాల్‌లోని ఆ ఊరు నిండిపోయింది. వెంటనే కలరా. ఆసుపత్రి నేలంతా రోగులే, నరానికి ఎక్కించే సెలైన్ చాలడం లేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు తూకం వేయించి సంచుల్లో నింపించారు. వాటిని డ్రముల్లో నీళ్లలో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. సూది పట్టుకోవడం రాని తల్లి కూడా బిడ్డ ప్రాణం నిలబెట్టగలదని అక్కడ రుజువైంది. మహలనబీస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది దేశం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. బతికుండగా ఇచ్చి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

నేను పనిచేసే తీరు చెబుతాను. పేగు గోడ గ్లూకోజును, సోడియాన్ని జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ వెళుతుంది. కలరాలో కూడా ఈ దారి మూసుకుపోదు. కానీ జంట పాళ్లు కుదరాలి. చక్కెర మరీ ఎక్కువైతే ఒంట్లోని నీరే పేగులోకి వచ్చి విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

షాపుకొచ్చేవాళ్లు మొదట నన్ను అడగరు. “అన్నా, పాపకు పొద్దున్నుంచి మోషన్లు. ఆగే గోళీ ఏదన్నా ఇవ్వన్నా” అంటారు. మా షాపాయన మంచివాడు. “గోళీ వద్దు చెల్లే, ముందు ఇది తాగించు” అని నన్ను తీసి ఇస్తాడు. ఆపే మందుగా అడిగే లోపరమైడ్ పేగు కదలికను మందగింపజేస్తుందే తప్ప పోయిన నీటిని తిరిగి ఇవ్వదు. చిన్నపిల్లలకు అది వేయనే కూడదు. జ్వరమున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా పెద్దవాళ్లు కూడా సొంతంగా మింగకూడదు. యాంటీబయాటిక్ సంగతి డాక్టరు తేల్చాలి. పిల్లల విరేచనాలు చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే, వాటి మీద అది పనిచేయదు. నాకు తోడుగా పిల్లలకు కావలసింది జింకు: రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు వారికి 10, విరేచనాలు తగ్గినా పది నుంచి పద్నాలుగు రోజులు.

నా బాధ ఒకటుంది. ఏళ్లపాటు పక్క అరలో రంగురంగుల అట్టడబ్బాలు, వాటి మీద పండ్ల బొమ్మలు, పెద్ద అక్షరాల్లో నా పేరు. లోపల నాకున్న దానికి కొన్ని రెట్ల చక్కెర. వాంతులతో తోటకూర కాడలా వేలాడే పిల్లవాడికి తల్లి నా పేరు నమ్మి దాన్ని తాగించేది. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు, హైకోర్టుకూ వెళ్లారు. 2022లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఒకసారి ఆ పేరు వాడొద్దని, కొద్ది నెలలకే హెచ్చరిక రాస్తే చాలని సడలించింది. చివరికి 2025 అక్టోబరులో ఆ సడలింపును రద్దు చేసి, నా పేరు పానీయాల మీద ఉండకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ముందున్న పేరుతో ఆగకండి, వెనక తిప్పి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని, నేను మొదట చెప్పిన నాలుగు పదార్థాలు, వాటి కొలతలు ఉండాలి.

కలిపేటప్పుడు నన్ను సగం చేయకండి. పెద్ద ప్యాకెట్టుకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, చిన్నదానికి 200 మిల్లీలీటర్లు. ఎన్ని నీళ్లు కలపాలో నా వీపు మీదే ఉంటుంది. గ్లాసెడు నీళ్లలో పెద్ద ప్యాకెట్టు మొత్తం పోస్తే ఉప్పు ఎక్కువై పసిపిల్లలకు ప్రమాదం. రుచి కోసం చక్కెర, పాలు, జ్యూసు కలపొద్దు. కలిపాక మరిగించొద్దు, ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయండి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆ పైవారికి 100 నుంచి 200, చెంచాతో కొంచెం కొంచెంగా. కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు మానిపించొద్దు, అన్నం మాన్పించొద్దు.

నా శక్తికి హద్దుంది. బిడ్డ కళ్లు లోతుకు పోయినా, మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, మూత్రం బాగా తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో కూర్చోకండి. తాగగలిగినంత తాగిస్తూనే, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.